ఈ జూన్‌కు నూటికి ఎంత?

చంద్రపూర్ జిల్లా ఆవర్‌పూర్ అనగానే సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది గానీ, ఆ చుట్టుపక్కల నల్లరేగడిలో వానాకాలం పంటంటే ముందు పత్తే. తొలకరి పడగానే గింజ పెట్టాలా, ఇంకో వాన దాకా ఆగాలా? పెట్టాక బెట్ట వస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనాలు, మళ్లీ కూలి. ఆగితే అదును దాటుతుంది. అలాంటప్పుడు ‘వాన పడే అవకాశం 70 శాతం’ అన్న మాటకు అర్థముందా? రేపన్నది ఒక్కటే. పడితే పడుతుంది, లేకుంటే లేదు.

ఇది కొట్టిపారేయదగ్గ సందేహం కాదు. సంభావ్యత పదేపదే జరిగే ఘటనల వరుసకే చెందుతుందని, ఒంటరి ఘటనకు కాదని గణితవేత్త రిచర్డ్ ఫాన్ మీజెస్ వాదించాడు. కానీ ఏ వరుస? జూన్ రోజులన్నీనా, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజులేనా? వరుస మారితే అంకె మారుతుంది. అంటే ఆ అంకె మబ్బులో లేదు, మనకు తెలిసినదానిలో ఉంది. అలాగైతే ఎవరేం చెప్పినా చెల్లుతుందా? చెల్లదు. 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ నిపుణుడు దీనికో కొలత చూపాడు: చెప్పిన అంకెకూ జరిగినదానికీ (పడితే 1, లేకుంటే 0) ఉన్న తేడాకు వర్గం. 70 శాతం అన్నాక వాన పడకపోతే తప్పు 0.49, 90 అన్నవారికి 0.81. పడితే 0.09, 0.01. ఒక్క రోజుతో ఎవరి పనితనమూ తేలదు గానీ, ఆ రోజు పద్దు మాత్రం ఖాతాలో పడుతుంది.

చెప్పేవారికి వందల రోజులుంటాయి, రైతుకు ఈ జూన్ ఒక్కటే కదా అనవచ్చు. నిజమే. అందుకే అంకె పక్కన నష్టాన్నీ పెట్టి చూడాలి. మళ్లీ విత్తడం వల్ల పోయేది, ఆగితే పోయేదానికి మూడింతలనుకుందాం. అప్పుడు అవకాశం 75 శాతం దాటితేనే విత్తడం మేలు, 70 చాలదు. బావి కింద పొలమున్నవారికి అంతకన్నా తక్కువైనా సరిపోవచ్చు. ఒక్కసారే తీసుకునే నిర్ణయానికి అంకె అక్కర్లేదనడం కాదు, అక్కడే ఎక్కువ కావాలి.

లోపమల్లా అంకెలో కాదు, అది జవాబిచ్చే ప్రశ్నలో ఉంది. 2023 ఏప్రిల్‌లో వాతావరణ శాఖ దేశమంతటికీ కలిపి సగటులో 96 శాతం వర్షం, అటూఇటూ 5 శాతం తేడాతో, అని చెప్పింది. చివరికి కురిసింది 94. అంచనా తప్పలేదు, కానీ ఆ ఆగస్టు 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. పత్తి రైతుకు దేశపు సగటుతో పనిలేదు. గింజ పెట్టాక పది రోజుల్లో తన మండలంలో బెట్ట వచ్చే అవకాశమెంతో, అలా చెప్పినవి ఇదివరకు ఎన్నిసార్లు నిలిచాయో కలిపి చెబితే, ఆ శాతం లెక్కకు వస్తుంది.