వాటంలేని కాలితో ఆడించిన మాస్టారు

హైదరాబాద్‌లో ఒకప్పుడు కొన్ని వింత ఫుట్‌బాల్ టోర్నమెంట్లు జరిగేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిందా, ఎదుటివాణ్ని బోల్తా కొట్టించే సరదాలేవీ పెట్టుకోకుండా తోటివాడికి ఇచ్చేయాల్సిందే. ఇంకోదాంట్లో వాటంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి కుర్రాడు ఎడమకాలితో అవస్థలు పడుతుంటే చూసేవాళ్లకు నవ్వొచ్చే ఉంటుంది. ఈ పోటీలు పెట్టించిన సయ్యద్ అబ్దుల్ రహీంకు మాత్రం అది నవ్వులాట కాదు. ఆయన పాఠం చెప్పే పద్ధతే అది.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆ జట్టుకు ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేశారు. ఆటమీద మనసు లాగి వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత తలకెత్తుకున్నారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. 1963లో కన్నుమూసేదాకా ఆ జట్టును వదల్లేదు. భారత జట్టు కోచ్‌గానే లోకం ఆయన్ను గుర్తుపెట్టుకుంది గానీ, ఆ కోచ్‌లో చివరిదాకా పనిచేసింది మాస్టారే.

మామూలు కోచ్ కుర్రాళ్లకు ఏదో ఒక కొత్త విద్య నేర్పుతాడు. రహీం ముందు ఉన్నదాన్ని లాక్కునేవారు. కాళ్లలో మంచి మాయ ఉన్న కుర్రాడు బంతి అందగానే తల దించేస్తాడు. వాడికి బంతి తప్ప మైదానం కనపడదు. డ్రిబ్లింగ్ కూడదంటే ఏమవుతుంది? బంతి వచ్చాక ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి, రాకముందే తలెత్తి ఎవరెక్కడున్నారో చూసుకోవాలి. పాస్ ఇవ్వడానికి మనిషి కావాలి కాబట్టి మిగతా పదిమందీ నిలబడి చూడకుండా ఖాళీల్లోకి పరుగెత్తాలి. ఒక్క నిబంధనతో ఒకడికి చూపూ, పదిమందికి పరుగూ వస్తాయి. వాటంలేని కాలి సంగతీ అంతే. కుడికాలు ఒక్కటే పనిచేసే వింగర్‌ను ఆపడం తెలివైన బ్యాక్‌కు పెద్ద పని కాదు, వాడు ఎటు తిరుగుతాడో ముందే తెలుసు. రెండు కాళ్లూ ఆడేవాడి దగ్గరే ఆ బ్యాక్‌కు చిక్కు.

ఈ పద్ధతిలో ఖర్చు లేదన్నది గమనించాల్సిన విషయం. అది మనకెందుకు ముఖ్యమో ఒక పోలికతో తెలుస్తుంది. అమెరికాలో రాడ్ డెడో అనే ఆయన 1942 నుంచి 1986 దాకా దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉండి 11 జాతీయ టైటిళ్లు గెలిపించారు. అక్కడ ఒక కాలేజీ జట్టుకు కోచ్‌గా ఉండటమే జీవితమంతా చేయదగ్గ పని. మన దగ్గర హన్మకొండలో ఏ డిగ్రీ కాలేజీకి వెళ్లినా కబడ్డీకీ, ఖోఖోకీ, వాలీబాల్‌కీ, ఇంటర్ కాలేజ్ పోటీలొస్తే బేస్‌బాల్‌కీ దిక్కు ఒక్క పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారే. 1976లో కాకతీయ యూనివర్సిటీ ఏర్పడేదాకా వరంగల్ కాలేజీలూ రహీం చదివిన ఉస్మానియా కిందే ఉండేవి. ఆ రకంగా ఆయన ఈ పీడీ సార్లకు ఇంటిమనిషే. సామాను లేదు, గ్రౌండ్ చాలదు అనే మాట నిజమే, కాదనలేం. అయితే రహీం పద్ధతికి కావాల్సింది ఒక బంతి, ఒక విజిల్, నిబంధన మీరితే మొహమాటం లేకుండా విజిల్ ఊదే గుండె.

పోలీసు జట్టు ఈ పద్ధతికి తొలి రుజువు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా ఐదేళ్లు ఆ జట్టుదే. కలకత్తా పెద్ద క్లబ్బులదే రాజ్యం అనుకుంటున్న కాలమది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్ లాంటివాళ్లు ఈ హైదరాబాద్ మైదానాల్లోంచే వచ్చారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం కథ మరీ ముచ్చటైనది. పేదింటి కుర్రాడు, ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవు. ఆ రాకపోకల ఖర్చు రహీమే పెట్టుకున్నారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు.

జాతీయ జట్టుతో రహీం ప్రయాణం అంత సాఫీగా ఏమీ సాగలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటేడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. చలిలో, తడి గడ్డిమీద వట్టికాలి విద్య పనికిరాదని తేలిపోయింది. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. చివరికి దక్కింది నాలుగో స్థానం. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ అంతకు పైకి ఇప్పటికీ వెళ్లలేదు.

రహీం బుర్ర ఎలా పనిచేసేదో చూడాలంటే మాత్రం 1962 జకార్తాకు వెళ్లాలి.

ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్‌నూ, తైవాన్‌నూ రానివ్వలేదు. అది తప్పని భారత ప్రతినిధి జి.డి. సోంధీ గట్టిగా అన్నారు. దాంతో జకార్తా జనం మనమీద మండిపడ్డారు. భారత దౌత్య కార్యాలయం మీద దాడి జరిగింది. మైదానంలో మన జట్టు అడుగుపెడితే గోల గోల. పైగా తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌నూ, జపాన్‌నూ ఓడించి సెమీస్‌కు చేరేసరికి జట్టు సగం ఆస్పత్రి వార్డులా ఉంది. స్టాపర్ జార్నెల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. రహీం ఒంట్లో అప్పటికే క్యాన్సర్.

కుట్లు పడ్డ తలతో ఉన్న డిఫెండర్‌ను ఏ కోచ్ అయినా బెంచీమీద కూర్చోబెడతాడు. రహీం అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కుర్రతనంలో అతను ఆ స్థానంలో ఆడినవాడేనని ఆయనకు గుర్తు. ఆరడుగుల మనిషి, గుద్దుకుంటే కదలడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిస్తే అందులో ఒక గోల్ జార్నెల్‌ది. ఫైనల్లో మళ్లీ కొరియా. ముందురోజు రాత్రి రహీం ఆటగాళ్లను పిలిచి, రేపు నాకొక బహుమతి కావాలి, ఆ బంగారు పతకం గెలవండి అని అడిగారంటారు. సెప్టెంబరు 4న లక్షమంది పట్టే స్టేడియంలో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జార్నెల్ గోల్స్ కొట్టారు. జ్వరం తగ్గీతగ్గకముందే తంగరాజ్ గోల్‌పోస్ట్ దగ్గర నిలబడ్డాడు. ఆఖర్లో కొరియా ఒక గోల్ కొట్టినా మనవాళ్లు 2-1తో గెలిచారు. జనమంతా కొరియాను ప్రోత్సహిస్తుంటే మన పక్షాన అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు.

జార్నెల్‌ను ముందుకు పంపడం జూదంలా కనిపిస్తుంది. జూదం కాదది. స్టాపర్‌ను స్టాపర్‌గానే చూడని అలవాటు రహీంకు హైదరాబాద్ బడి మైదానాల్లోనే అబ్బింది. ఎడమకాలితో ఆడమని కుర్రాణ్ని నిలబెట్టిన మనిషికి, వెనక ఆడేవాణ్ని ముందు ఆడించడం అంత కష్టమైన నిర్ణయం అయి ఉండదు.

1963 జూన్ 11న రహీం పోయారు, 53 ఏళ్లకే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఆయన తర్వాతి ఖాళీని ఒక్క కోచ్‌కు ముడిపెట్టడం కొంత అన్యాయమే. జపాన్, కొరియాలు ఆ కాలంలో మనకంటే ఎక్కువ కష్టపడ్డాయి. అయితే ఆయన శిష్యుల్లో చాలామంది విజిల్ పట్టుకున్నారు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో ఉండి, తర్వాత ఫిఫా రెఫరీగానూ, కోచ్‌గానూ పనిచేశారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కాంస్యం వచ్చినప్పుడు కోచ్‌ల్లో ఒకరు పి.కె. బెనర్జీ, కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ నయీముద్దీన్‌కే 1990లో ద్రోణాచార్య పురస్కారం దక్కింది. రహీం కథ 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్‌గా వెండితెరకెక్కింది. అందులో గోల్స్ బాగానే కనిపిస్తాయి. కాచిగూడ బడిలో పిల్లలకు డ్రిల్లు చేయించిన ఏళ్లమీదే ఇంకో సినిమా తీయొచ్చు.