పటం ఎవరిది, పేరు ఎవరిది?

ఒక ఆర్ట్ కాలేజీలో చివరి సంవత్సరం విద్యార్థుల ఎగ్జిబిషన్ చూశాం. గ్రాఫిక్ డిజైన్ చదివిన మాదిగవాడ కుర్రాడొకడు జాంబపురాణం పటం ఆధారంగా వేసిన పోస్టర్ల గురించే ఈ నాలుగు మాటలు.

చేర్యాల నకాషీలు వేసిన పటం పట్టుకుని మాదిగల ఆశ్రితులైన డక్కలివారు వాడవాడా తిరిగి కథ చెబుతారు. వేసినవాడు, చెప్పేవాడు, వినేవాడు కలిస్తేనే అది పటం. కుర్రాడు ఈ కీలకం పట్టుకున్నాడు. ప్రతి బొమ్మలోనూ కథ చెప్పేవాడి చెయ్యి కనిపిస్తుంది. కానీ అక్షరాల దగ్గర తడబడ్డాడు. ఏటా ఏప్రిల్ 14కి వాడ గోడలమీద అంబేద్కర్ పేరు రాసి చేయి తిరిగినవాడు, ఇక్కడ కంప్యూటర్ అక్షరాలను అరువు తెచ్చుకున్నాడు. గోడరాత డిజైన్ కాదని అతనికి నేర్పిందెవరు?

కాలేజీవాళ్లు కింద తగిలించిన చీటీలో 'జానపద అలంకరణ' అని ఉంది. జాంబవుడూ లేడు, డక్కలీ లేడు. తర్వాత ఉద్యోగమిచ్చిన కంపెనీ అవే బొమ్మలు చీరల సంచులకు అడిగింది. కథ వద్దట, రంగులు చాలట! ఇంట్లో అప్పుంది, చేరాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మాకు లేదు.

వాళ్లను అడిగే ముందు మనల్ని మనం అడుగుదాం. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత ఉద్యమం పాడిన పాటగాళ్ల పేర్లు మనకు తెలుసు. ఆ రోజుల్లో మన గోడలు, బ్యానర్లు రాసిన చేతుల పేర్లు ఎక్కడైనా రాసుకున్నామా?