రాక్స్‌బర్గ్ గ్రంథంలో తెలుగు పేర్లు: ఒక పరిశీలన

వృక్షశాస్త్ర గ్రంథంతో భాషా విద్యార్థికి ఏమి పని అన్న సందేహం సహజమే. విలియం రాక్స్‌బర్గ్ రచించిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ (1795–1820) ఆ సందేహాన్ని తీరుస్తుంది. మూడు సంపుటాలు, 300 చిత్రఫలకాలు గల ఈ గ్రంథం లండన్‌లో అచ్చయింది. దాని వేళ్లు మాత్రం కాకినాడ సమీపాన ఉన్న సామర్లకోటలో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తాకు వెళ్లకముందు అక్కడ తోట పెంచాడు. పలు మొక్కలకు లాటిన్ పేరుతోపాటు ‘తెలింగ’ పేరు కూడా ఇచ్చాడు.

ఆయన అనుసరించినది లిన్నేయస్ వర్గీకరణ. పువ్వులోని కేసరాల సంఖ్య, వాటి అమరిక, కీలాల సంఖ్య దానికి ఆధారం. లెక్కపెట్టగలవారెవరైనా కొత్త మొక్కకు చోటు చూపగలరు. అదే దాని బలం. తెలుగు వ్యవహారం వేరు దారి పట్టింది. తెల్లమద్ది, నల్లమద్ది అన్న జంటలో ఉమ్మడి పదమూ ఉంది, భేదకమూ ఉంది. లిన్నేయస్ 1753లో స్థిరపరచిన రెండు మాటల పేరుకు ఈ నిర్మాణం దగ్గరదే. అయితే శాస్త్రం నేడు కరక్కాయ, తాని చెట్లను కూడా మద్దులతోపాటు టెర్మినేలియా ప్రజాతిలోనే ఉంచుతుంది. తెలుగువారు వాటిని మద్దులనరు. ఇందులో ఒప్పు తప్పుల ప్రసక్తి లేదు. రెండు చూపులు రెండు అవసరాల నుంచి పుట్టాయి.

పేర్లకు పట్టిన గతి మరింత ఆలోచింపజేస్తుంది. మోదుగ ప్రజాతికి బ్రిటిష్ ప్రభువు బ్యూట్ పేరిట ‘బ్యూటియా’ అన్న నామం స్థిరపడింది. జ్వరానికి మందుగా రాక్స్‌బర్గ్ వర్ణించిన సోమిద మాను అదృష్టం వేరు. ఆయన దానిని స్వీటేనియాలో చేర్చగా, 1830లో ఆడ్రియన్ ద జుస్యూ ‘సోయ్‌మిడా’ అని వేరు ప్రజాతి చేశాడు. ఒక తెలుగు మాట అలా లాటిన్‌లో నిలిచింది.

గ్రంథంలోని అసలు లోపం మరొకటి. ఈ పేర్లు చెప్పినవారెవరు? బొమ్మలు గీసిన దేశీయ చిత్రకారులెవరు? వారికి అందులో చోటు దక్కలేదు. అంతకు శతాబ్దం ముందే ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ‘హోర్టుస్ మలబారికుస్’ (1678–1693) ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుని సాక్ష్యపత్రాన్ని ఆయన లిపిలోనే ప్రకటించింది. కనుక ఆ మర్యాద నాటికి తెలియనిది కాదు.

ఒడిశా, తమిళనాడు, కర్ణాటక పల్లెల్లో పెద్దలనుంచి మొక్కల పేర్లు సేకరించే మన విద్యార్థులు ఈ లోపాన్ని పాఠంగా తీసుకోవాలి. పేరుతోపాటు ఊరు రాయాలి. వారు అంగీకరిస్తే చెప్పినవారి పేరూ రాయాలి. లేనిచో మన పట్టికలు కూడా రాక్స్‌బర్గ్ మౌనాన్నే కొనసాగిస్తాయి.