చేతిఫోనులో చీరల కొట్టు

వర్తకమునకు మూలము ద్రవ్యమని లోకము తలచునుగాని, చిన్న కొట్టు నడుపువారికి అంతకంటె ముందు కావలసినది మాట నిలుపుకొను శక్తి. చూపిన సరుకునే ఇచ్చుట, చెప్పిన దినముననే పంపుట, పుచ్చుకొన్న సొమ్మునకు ఆ రాత్రియే లెక్క వ్రాసికొనుట. ఈ మూడును సాగినంత కాలము కొట్టు సాగును. మంగళగిరిలో చేనేత చీరలు అమ్ముకొను కుటుంబమున పుట్టి, ఆ వృత్తియందే ఉన్న నేను, స్మార్ట్‌ఫోను మా బల్లమీదికి వచ్చిన పిదప దానిని ఈ మూడు పనులకు ఏ విధముగా వినియోగింపవలెనో క్రమక్రమముగా నేర్చుకొంటిని. ఫోను ఎంత ఖరీదైనదని పలువురు అడుగుదురు. దానిచే వీనిలో దేనిని నెరవేర్చుకొనుచున్నామను ప్రశ్నయే నాకు ముఖ్యముగా తోచును.

మొదటిది చూపుట. మంగళగిరి చీర ఒడలంతయు సాదాగా ఉండి, శోభయంతయు జరీ అంచునందే నిలుచును; చిన్న చిన్న గోపురముల వరుసగా సాగు నిజాం అంచును చూచియే తెలిసినవారు అది మా ఊరి నేతయని పోల్చుకొందురు. అట్టి చీరను ట్యూబులైటు క్రింద పరచి ఫొటో తీసినచో నెమలికంఠపు రంగు ఉత్త నీలముగాను, మెంతిరంగు పాలిపోయిన పసుపుగాను కనబడవచ్చును. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసినచో జరీ తళతళలో అంచులోని నేతయే మాయమగును. కావున ప్రొద్దుటి పూట, ఎండ నేరుగా పడని ఉత్తరపు కిటికీ ప్రక్కన, తెల్లని దుప్పటిమీద చీరను పరచి, కెమెరా అద్దమును మెత్తని నూలుగుడ్డతో తుడిచి, తెరపై అంచు ఉన్నచోట వ్రేలితో తాకి, వెలుతురును కొంచెము తగ్గించి తీయుదును. మడతమీది చీర ఒకటి, అంచు దగ్గరనుండి ఒకటి, పైటకొంగు ఒకటి, వెనుక వైపు ఒకటి. ఈ నాలుగు ఫొటోలు చాలును. పిదప చీరను తెర ప్రక్కన పెట్టి రంగులను పోల్చి చూచి, భేదమున్నచో ‘ఫోన్లో కనిపించేదానికంటే ఒక పిసరు ముదురు’ అని క్రింద వ్రాయుదును. ఆ ఒక్క వాక్యమువలన ఒకానొక బేరము తప్పిపోవచ్చును. కాని రంగు వేరని తిరిగి వచ్చిన చీరవలన రెండువైపుల కొరియరు ఖర్చును, నలిగిన మడతయు, చెదిరిన నమ్మకమును మిగులును.

రెండవది మాట. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ చిన్న కొట్టులకై ఉద్దేశింపబడినది. దానిని ఉచితముగా పెట్టుకొనవచ్చును. అందలి క్యాటలాగునందు ఫొటోలను, ధరను, నూలు నంబరును, కొలతను ఒక్కసారి అమర్చినచో, అడిగిన ప్రతివారికిని మరల మరల పంపు శ్రమ తప్పును. అంతకంటె నాకు మిక్కిలి ఉపకరించినవి లేబుళ్లు. ‘అడిగినవారు’, ‘డబ్బు రావలసినవారు’, ‘పంపవలసినవి’, ‘చేరినవి’ అని పేర్లు పెట్టుకొని, ప్రతి సంభాషణను దాని స్థితినిబట్టి ఒకదాని క్రింద చేర్చినచో, శ్రావణమాసపు రద్దీలో సైతము ఎవరి చీర ఎక్కడ ఆగినదో ఒక్క చూపున తెలియును. ‘అన్నయ్యగారూ, ఆ వంగపండు రంగు చీర ఇంకా ఉందాండీ?’ అని అడిగినవారికి, లేనిచో లేదని వెంటనే చెప్పవలెను. అందులకే అమ్ముడుపోయిన చీరను క్యాటలాగునుండి అప్పటికప్పుడే తొలగించుచుందును. బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపిన కబురు మన నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే చేరును. ఈ నియమము నాకు న్యాయముగా తోచును. మన పేరు దాచుకొనుటకు ఇష్టపడినవారికే గదా కొత్త చీరల వార్త కావలసినది!

ఇక సొమ్ము సంగతి. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నెలకొల్పిన యూపీఐ వలన చిల్లర బాధ తొలగినది. బ్యాంకు ఖాతానుండి నేరుగా వచ్చు చెల్లింపుపై 2020 జనవరి నుండి వర్తకునికి రుసుము లేదు. అయితే రద్దీ వేళ ‘ఫోన్‌పే చేశానండీ, స్క్రీన్‌షాట్ చూడండి’ అనిన మాటను నమ్మి సరుకు కట్టి ఇచ్చుట తగదు. సొమ్ము మన ఖాతాలో జమపడినదని మన ఫోనులోనో సౌండ్ బాక్స్ ద్వారానో తెలిసికొనియే ఇయ్యవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నంబరు ఎన్నడును అక్కరలేదనియు, మోసము జరిగినచో జాగుచేయక సైబర్ మోసముల సహాయ నంబరైన 1930కి ఫోను చేయవలెననియు కొట్టులో కూర్చుండు ప్రతివారికిని నేర్పి ఉంచవలెను.

అన్నిటికంటె కష్టమైనదియు, అన్నిటికంటె ఫలమిచ్చునదియు పద్దు వ్రాయుట. మా నాన్నగారు రాత్రి గల్లాపెట్టెలోని రొక్కమును లెక్కించి, నాటి చిట్టా వ్రాసి, ఒక్కొక్క పేరున ఆవర్జాలో పద్దు ఎక్కించినగాని కొట్టు కట్టెడివారు కారు. ఫోను వచ్చిన పిదప ఈ పని దానంతటదే జరిగిపోవునని తలచువారు కలరు. బ్యాంకు యాప్‌లో నాటి జమలన్నియు వేళలతోసహా ఉండుట నిజమే. కాని 1,450 రూపాయలు వచ్చినవని అది చెప్పునేగాని, అవి చీర పూర్తి ధరయో, నిరుటి బాకీలో కొంతయో, ఇంకను నేయవలసిన చీరకు అడ్వాన్సో దానికి తెలియదు. అదే ఖాతానుండి ఇంటి కూరగాయలకును పిల్లల ఫీజులకును సొమ్ము పోవుచున్నచో, మాసాంతమున లాభమెంతో బ్రహ్మదేవునికిని అంతుపట్టదు. అందువలన కొట్టుకు ప్రత్యేకముగా ఒక ఖాతా తెరచి, దాని స్కానరునే బల్లమీద అంటించితిని. రాత్రి ఫోనులోని షీటునందు తేది, పేరు, సరుకు, రావలసినది, వచ్చినది, మిగిలినది వరుసగా ఎక్కింతును. వేరొక షీటునందు మగ్గములవారికిచ్చిన నూలు, జరీ, కూలి వివరములుండును. ఒక్కొక్క చీరపై నూలు, అద్దకము, జరీ, కూలి, కొరియరు పోగా ఏమి మిగిలినదో తెలిసిన పిదపనే, బేరమాడువారికి ఎంత తగ్గింపవచ్చునో, మగ్గమువారికి కూలి ఎంత పెంపవచ్చునో నిశ్చయముగా చెప్పగలుగుదుము. ఆ షీటు ప్రతి ఒకటి గూగుల్ డ్రైవ్‌లో కూడ ఉన్నచో, ఫోను పోయినను పద్దు పోదు.

కొట్టునకు తలుపులు కలవు, ఫోనుకు లేవు. అమెరికాలోని మనవారు తమ పగటివేళ వ్రాసిన ప్రశ్న మనకు నడిరేయి వచ్చును. దానికి ఆ వేళనే లేచి జవాబీయ నక్కరలేదు. రేపు ఉదయము పది గంటలకు చెప్పుదుమని తానుగా పోవు సందేశమును అమర్చి, చెప్పిన గంటకు తప్పక చెప్పినచో ఎవరును నొచ్చుకొనరు. వేళకు వచ్చు జవాబుపై ఖాతాదారులకు గురి కుదురును, ఇంటివారికిని మనము దక్కుదుము.

క్రొత్తగా ఆరంభించు చెల్లెండ్రకును తమ్ములకును నేను చెప్పదలచినది ఈ పనుల వరుస. పచ్చళ్లు పట్టువారైనను, జాకెట్లు కుట్టువారైనను, ముందు ఉన్న ఫోనులోనే ఒక నెల పద్దు వ్రాయుడు. రెండవ నెలలో సరుకును ఉన్నదున్నట్లు ఫొటో తీసి ధరలతో అమర్చుడు. ఆ తరువాతనే నలుగురికి ప్రచారము చేయుడు. పలువురు ప్రచారముతో మొదలుపెట్టెదరు. అప్పుడు అడుగువారు ఒక్కుమ్మడిగా వచ్చి పడుదురు; సరుకు నిల్వ ఎంతో, ఎవరికి ఏమని చెప్పితిమో తెలియక, చేయగలిగిన పనిలోనే మాట తప్పుదుము. పద్దు సిద్ధముగా ఉన్నవారికి పది కబురులు వచ్చినను, నూరు వచ్చినను తొట్రుపాటు ఉండదు. తాము ఎంత చేయగలరో వారికి తెలియును గనుక, అంతవరకే ఒప్పుకొని, ఒప్పుకొన్నదానిని వేళకు పంపగలుగుదురు.