పది దగ్గర ఆగకూడదు

√2కు √8 కలపమంటే పిల్లల్లో చాలామంది √10 అని రాసేస్తారు. తప్పే. కానీ భాస్కరాచార్యుడి ‘బీజగణితం’లో ఇదే లెక్క ఆ పదితోనే మొదలవుతుంది.

పన్నెండో శతాబ్దపు పుస్తకం అది. వర్గమూలం తెగని సంఖ్యను అందులో కరణి అంటారు. ఆ మాట అప్పటికే పాతది. శుల్బసూత్రాల్లో, ఒక చతురస్రానికి రెట్టింపు వైశాల్యమున్న చతురస్రాన్ని నిలబెట్టే భుజం పేరు ద్వికరణి. మన పాఠ్యపుస్తకాల్లోని ‘కరణీయ సంఖ్య’లోనూ అదే మాట ఉంది. √ గుర్తు లేని కాలం కనుక ‘క 2 క 8’ అని రాసుకునేవారు.

ఇక పనితనం చూడండి. 2, 8 కలిపితే 10. దానికి ‘మహతి’ అని పేరు. ఆ రెండింటినీ గుణిస్తే 16, మూలం 4, రెట్టింపు చేస్తే 8. ఇది ‘లఘువు’. మహతికి లఘువు కలిపితే 18, తీసేస్తే 2. అంటే √2, √8ల మొత్తం √18, తేడా √2. ఒక్క గుణకారంతో కూడికా తీసివేతా రెండూ తేలిపోయాయి! ఈ రోజు మనం (a+b)² విస్తరణలో 2ab అని రాసేదే ఆ లఘువు. √10 రాసిన పిల్లవాడు మరిచిపోయింది దాన్నే.

అక్కడితో ఆగలేదాయన. ఇంకో దారీ చూపించాడు. 8ని 2తో భాగిస్తే 4, మూలం 2, ఒకటి కలిపితే 3, వర్గం 9, దాన్ని చిన్న కరణి 2తో గుణిస్తే మళ్లీ 18. √8ని 2√2గా విడదీసి, √2తో కలిపి 3√2 అని మనం చేసే సూక్ష్మీకరణ సరిగ్గా ఇదే. నాకు ఈ రెండో దారే ఎక్కువ ఇష్టం. √8 లోపల √2 దాగి ఉందని కళ్లకు కట్టినట్టు చెబుతుంది.

ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో 3, 7 జంట కూడా ఉంది. లబ్ధం 21, దానికి మూలం తెగదు. కనుక ఆ రెంటినీ విడివిడిగానే ఉంచమన్నాడు. కలవనివాటిని కలవవని చెప్పడానికి ఒక ఉదాహరణను కేటాయించడం గొప్ప ఉపాధ్యాయుడి లక్షణం.

12, 75 తీసుకుని మీరే చేసి చూడండి. మొత్తం 87, లబ్ధం 900, లఘువు 60. జవాబు √147, అంటే 7√3.

లెక్కల మాస్టార్లకు ఒక మనవి. ఈసారి √10 కనిపిస్తే ఆ పదిని కొట్టేయకండి. పక్కన ఎనిమిది కూడా కలపమని చెప్పి, ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించండి.