కల్లుమండువ : వాఙ్మయము మఱచిన యొక సభ

మన కవులు వర్ణింపని సభ లేదు. రాజసభ, ఋషిసభ, దేవసభ, స్వయంవరసభ - ప్రబంధములు తెఱచినచో వీని వర్ణనములు కొల్లలు. కాని తెలంగాణపు పల్లెలలో ప్రొద్దువాలు వేళ నెవరును పిలువకయే కూడి, చీఁకటిపడిన కొంతసేపటికిఁ జెదరిపోవు నొక సభ కలదు. దానిని మన కావ్యములు చూచియుఁ జూడనట్లు దాఁటిపోయినవి. విమర్శకులు దాని పేరెత్తుటకే సంకోచించిరి. అది కల్లుమండువ. నేఁడా సభ క్షీణించుచున్నది. పూర్తిగా లోపింపకమున్నే దానికిని మన వాఙ్మయమునకును గల సంబంధమును విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. పానమును సమర్థించుట నా పని కాదు, నిందించుటయుఁ గాదు. నిందించు గ్రంథములు మనకుఁ గొఱఁత లేదు.

మండువ యను మాటను గూర్చి ముందుగాఁ గొంత చెప్పవలెను. సర్కారు జిల్లాల పాఠకునకు మండువ యనఁగా నాలుగు వసారాల నడుమ ఆకాశమునకుఁ దెఱచియున్న యింటిభాగము. తెలంగాణమున నా మాటయే తాటిచెట్లక్రిందనో, ఈతవనపు టంచుననో కల్లు అమ్ము తావునకుఁ బేరు. ఈ రెండర్థములును మొదటఁ బరస్పరసంబంధము లేనివిగాఁ దోఁచును. కాని పైకప్పు లేక, పదుగురు కూర్చుండఁదగిన నడిమిచోటు అను భావము రెంటియందును గలదని నా తలంపు. పట్టణములలో మండువ పోయి 'కాంపౌండు' వచ్చినది. అది పరభాషాపదమే యైనను దాని యర్థమును ఆవరణమే. పేరు మాఱినను జనులు గుఱుతించినది త్రాగు వస్తువును గాదు, కూడు చోటునే యని దీనివలనఁ దెలియుచున్నది.

నేను దృష్టియందుంచుకొన్నది దౌల్తాబాదు ప్రాంతము. ఈ పేరుగల యూళ్లు పెక్కులు. దేవగిరి దౌల్తాబాదు చరిత్రకెక్కినది. వికారాబాదు జిల్లాలో మఱియొకటి కలదు. ఇది సిద్దిపేట జిల్లాలోని మండలకేంద్రము. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభక్తమగు వఱకు మెదకు జిల్లాలోనిది. ఈ వైపున పొలముగట్లపైఁ దాటియు, చెఱువుకట్టల వెంటను వాగుల యొడ్డునను ఈతయుఁ బెరుగును. తాటికల్లునకు గీతకాఱులు పోత్తాడు, పరుపుతాడు, పండుతాడు అని ఋతుక్రమమును బట్టి పేళ్లు పెట్టిరి. మోకు, ముస్తాదు, లొట్టి, రేక - ఈ వృత్తి పదములలో నొక్కొక్కటియు నొక పనితీరునకు గుఱుతు. రేక యనఁగాఁ దాటియాకును మడిచి చేసిన పానపాత్ర. త్రాగువాఁడు దానిని రెండుచేతులఁ బట్టుకొని కూర్చుండవలెను. నడచుచుఁ ద్రాగుటకు వీలు గాదు.

ఇచ్చటనే విషయమునకు మూలమున్నది. కల్లు నిలువయుండు వస్తువు కాదు. చెట్టునుండి దింపిన వెంటనే పులియ నారంభించును. ఉదయమున తియ్యనగు రసము సాయంకాలమునకు ఘాటెక్కును. మఱునాఁటికిఁ బుల్లనై పనికిరాకపోవును. సీసాలో మూసి దూరదేశములకుఁ బంపుట దుస్సాధ్యము. కావున కల్లు జనులకడకు రాదు, జనులే కల్లుకడకు రావలెను. వచ్చిన వారందఱు నొక్క వేళకే రావలెను. సభకుఁ గావలసిన స్థలనియమము, కాలనియమము అను రెండును ఆ రసముయొక్క స్వభావమునుండియే పుట్టినవి. సారాయికి గాని, సీసామద్యమునకు గాని యీ గుణము లేదు. మండువయొక్క క్షీణతను విచారించువా రీ భేదమును గుఱుతింపకపోయినచోఁ గారణములను వెదకుటలోఁ దప్పుదారిఁ బడుదురు.

ఆ కూటమిలో జరిగెడి పనులు పానముతో ముగిసెడివి కావు. వానకబుర్లు, కూలికబుర్లు, ఎడ్ల బేరములు అచ్చటనే. పెండ్లి కుదిరినచో నిరువాఁగులవారును గల్లు పంచుకొనుట పెక్కు కులములలో ఒడంబడికకుఁ బ్రమాణము. కులపంచాయతిలోఁ దప్పు పడినవాని దండుగ తఱచుగాఁ గల్లురూపమునఁ జెల్లెడిది. తగవు పడినవారును, తీర్చినవారును కలిసి త్రాగుటతో నా వ్యవహారము ముగిసెడిది. పోచమ్మకును ఎల్లమ్మకును సాక పోయుటకుఁ గల్లే కావలెను. స్త్రీలును ద్రాగెడివారు. అట్లని దీనిని సమతాసభగా వర్ణించినచో సత్యమునకు దూరమగుదుము. అంటరానివారని త్రోయఁబడినవారికి పాత్ర వేఱు, కూర్చుండు తావు వేఱు. ఊరి ధర్మమే మండువ ధర్మము. మంచియుఁ జెడ్డయు నట్లే.

సంస్కృతమున నిట్టి తావులను జూచిన కన్నులు కలవు. కౌటిల్యుఁడు పానాగారములకుఁ బెక్కు గదులు, వేఱువేఱు ఆసనములు, గంధమాల్యోదకములు నుండవలెననియు, నవి యన్ని ఋతువులయందును సుఖకరముగా నుండవలెననియు విధించెను. ఆ వెంటనే యచ్చట నెవఁడెంత వ్యయించుచున్నాఁడో కనిపెట్టుటకు గూఢచారులను నియమించెను. జనులు కూడు చోటనే రహస్యములు దొరకునని రాజనీతిజ్ఞుఁ డెఱుఁగును. ఏడవ శతాబ్దిలో మహేంద్రవర్మ మత్తవిలాస ప్రహసనమునఁ గాపాలికుని కంటికి కాంచీపురమునందలి సురాపణము యజ్ఞశాలగాఁ దోఁచును. అది పరిహాసమే, కాని పరిహసించుటకైనను దగ్గఱకుఁ బోయి చూడవలెను గదా.

తెలుఁగున నట్లు దగ్గఱకుఁ బోయినవారు కొలఁదిమంది. క్రీడాభిరామము ఓరుఁగంటి వీథులలో మనలను ద్రిప్పి, పూటకూళ్లయింటిని, పందెములను, పల్నాటివీరుల కథాగానమును జూపినది. జనులు కూడు చోటులయందుఁ గవికిఁ గల ప్రీతికి నది నిదర్శనము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో దానినంతగా వాడుకొనుటకు హేతు విదియే. కాని పానశాలను సభగాఁ జూచి రంగస్థలమునకెక్కించిన ఘనత గురజాడ అప్పారావుగారిది. 1909 నాఁటి కన్యాశుల్కమున సారాదుకాణపు రంగమును జూడుఁడు. వీరేశ, మనవాళ్లయ్య, బైరాగి, హవల్దారు అందఱు నొక్కచోటఁ గూడుదురు. శైవుఁడును వైష్ణవుఁడును వెలుపలఁ గలిసి కూర్చుండని కాలమది. దుకాణములో మతచర్చ చేయుదురు. ఈ రంగము కథను ముందునకు నడపదని కొందఱు దీనిని అప్రస్తుతముగాఁ దలంతురు. నాకది యొప్పుదల కాదు. నాటకమున నన్ని వర్గములవారును గలిసి మాటలాడు తా వది. దానిని దీసివేసినచో నగ్రహారము, వేశ్యాగృహము, న్యాయస్థానము మిగులును గాని, ఊరు మిగులదు. అయినను అది సారా, అది విజయనగరపు సీమ. తెలంగాణపు మండువకు ఇట్టి నాటకకర్త లభింపలేదు.

లభించినది పాట. సర్వాయి పాపఁడు ఖిలాషాపురమువాఁడు, గీతకులజుఁడు. 1708లో ఓరుఁగల్లును గొల్లగొట్టి, 1710లో మొగలాయి సేనలకుఁ జిక్కి చంపఁబడినవాఁడు. ఖాఫీఖాను తన పారసీక చరిత్రలో వానిని దోపిడికాఁడుగా వ్రాసెను. పాటకాండ్రు వీరునిగాఁ బాడిరి. ఆ పాటను బాయిల్ దొర సేకరించి 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలోఁ బ్రకటించెను. పాటయందు విమర్శకుఁడు గమనింపవలసిన యంశ మొకటి కలదు: పాపఁడు తల్లితోఁ గులవృత్తి తనకు వలదని చెప్పి కత్తిపట్టును. గీతకులమువా రే వీరుని దమవానిగాఁ జెప్పుకొందురో ఆ వీరుఁడు గీతను విడిచినవాఁడు! ఈ వైరుధ్యము గాయకుల లోపము కాదు. చెట్టెక్కువాని కష్టము, జాఱిపడిన ప్రాణము పోవునను భయము ఎఱిఁగిన శ్రోతలముందుఁ బాడినపు డా మాట యెట్టి స్పందనము గలిగించునో చదువరి పుస్తకమునుండి యూహింపలేఁడు. శ్రోత యెవఁడో తెలియక పాటకు వ్యాఖ్య చేయరాదు.

గౌడపురాణము సంగతియు నట్టిదే. గౌడజెట్టీలు, ఏనూటివారు అను నాశ్రితులు పటమును విప్పుచుఁ గంఠమహేశ్వరుని కథను, కులోత్పత్తిని గానము చేయుదురు. ఆ పటములు వ్రాసిన నకాషి చిత్రకారులు ఈ సిద్దిపేట జిల్లాలోని చేర్యాలవారు. పట మరువది యడుగుల వఱకు నుండును. కథ పలురాత్రులు సాగును. గాయకునకు ముట్టు త్యాగము గౌడుల రాఁబడినుండియే రావలెను గావున, చెట్టు, మండువ, పటము, పురాణము ఒకే వరుస. మొదటిది కూలినచో చివరిది నిలువదు. నేఁడు చేర్యాలపటము ధనికుల గోడలకు నలంకారమైనది; గాయకుఁడు లేని పటము చదువరి లేని తాళపత్రము వంటిది.

ఇఁక క్షీణకారణములు. మద్యపానమును స్త్రీలు ద్వేషించుటకుఁ దగిన హేతువు కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన ఉద్యమము 1993లో సారానిషేధమునకును, 1995లో సంపూర్ణ నిషేధమునకును దారితీసెను; అక్షరాస్యతా వాచకములలోని పాఠములు దానికిఁ బ్రేరకములగుట మన పండితు లందఱు నెఱుఁగవలసిన విషయము. 1997లో నిషేధము తొలఁగఁగా మిగిలినది సీసామద్యము. ఊరూరను అనుమతి లేని బెల్టుదుకాణములు వెలసినవి. సీసా ఇంటికిఁ బోవును, చేనికిఁ బోవును. దానికి సభతోఁ బని లేదు. వరిపొలములు పెరిగి చెట్లు నఱకఁబడినవి. దౌల్తాబాదునకుఁ బొరుగున తొగుట, కొండపాక మండలములలో మల్లన్నసాగరము క్రింద నూళ్లకు నూళ్లే మునిఁగి, జనులు గజ్వేలు చెంతకుఁ దరలింపఁబడిరి. ఆ జలాశయము 2022లోఁ బ్రారంభమైనది. ఊరిని దరలింపవచ్చును గాని, తాటివనమును దరలింపలేము. గీతకాఱుల కుమారులు పాపనివలెనే వృత్తిని విడుచుచున్నారు, కత్తి పట్టక పట్టణము పట్టుచున్నారు, వారిని దప్పుపట్టఁజాలము. చెట్టునుండి పడువారికొఱకు 2024లో 'కాటమయ్య రక్షణ కవచము' అను సాధనములు పంచిపెట్టుట మొదలైనది. ఆలస్యమైనను యోగ్యమైన పని.

అన్నిటికంటెఁ గీడు చేసినది కల్తీ. చెట్లు తగ్గఁగాఁ క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలము అను మందులు కలిపిన నీరు కల్లను పేర నమ్ముడుపోవుచున్నది. 2015లో దానిని నిరోధింపఁగా నలవాటుపడినవారు పిచ్చిచేష్టలతో నాసుపత్రులకుఁ జేరిరి. 2025 జూలైలోఁ గూకటపల్లి వైపునఁ గల్తీకల్లునకుఁ బ్రాణములు పోయినవి. ఆ మందు త్రాగినవాఁడు మాటలాడఁడు, నిద్రించును. మాట లేనిచో సభ యెక్కడిది? 2004లో హైదరాబాదునఁ గాంపౌండులను మూసి, 2014లో మరలఁ దెఱచిరి. తెఱచినవి దుకాణములు మాత్రమే. 2023లో హుస్సేనుసాగరపుటొడ్డున వెలసిన నీరాకేఫు శుచియైనదే. కాని యచ్చట మేజాలున్నవి, ఊరు లేదు.

ఇంగ్లండున నిట్టి విచారము మనకంటె ముందే నడచినది. బోల్టను పట్టణపు పానశాలలలో పరిశీలకులు కూర్చుండి జనుల మాటలను, సంఖ్యను, కాలమును వ్రాసికొని 1943లో నొక గ్రంథము వెలువరించిరి. ఇల్లు, పనిచోటు దప్ప జను లధికకాలము గడపు తా వదియేయని వారు తేల్చిరి. మన పరిశోధకుల కట్టి యోపిక కావలెను. పాపని పాటయొక్క పాఠాంతరములను సేకరించువారు పాటతోపాటు అది యేయూర, ఏ చెట్టుక్రింద, ఎవరి యెదుటఁ బాడఁబడినదో వ్రాసికొనవలెను. పోత్తాడు, పరుపుతాడు అను పదములను గీతకాఱుల నోటినుండియే, వారి వివరణముతోనే గ్రహింపవలెను. దౌల్తాబాదు ప్రాంతమునఁ జెట్టెక్కుచున్నవారు నేఁటికిని గలరు. ఈతకల్లు చలికాలమున దిగును, తాటికల్లు వేసవికి.