చిత్తుప్రతులు చదివేవాళ్లు

‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ ఆరంభంలో బసూన్ పలికే బాణీ ఒక్కటే జానపదమని, మిగతాదంతా తన సొంతమని స్వరకర్త స్ట్రావిన్‌స్కీ చెప్పుకున్నాడు. 1913లో పారిస్‌ను దద్దరిల్లజేసిన ఆ బ్యాలే చిత్తుప్రతులు 1969లో అచ్చయ్యాయి. సంగీత పరిశోధకులు లారెన్స్ మోర్టన్, ఆయన వెనకే రిచర్డ్ టారస్కిన్, లిథువేనియా జానపద గీతాల సంకలనాన్ని పక్కన పెట్టుకుని స్వరం స్వరం పోల్చి చూశారు. పాత బాణీలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చిత్తులో పోలిక పట్టుకోగలిగే బాణీ, తుదిరూపానికి వచ్చేసరికి లయ విరిగి, ముక్కలై, ఆనవాలు దొరకనంతగా మారిపోయింది.

ఇదంతా స్ట్రావిన్‌స్కీ గుట్టు రట్టు చేయడానికేనని అనుకోకూడదు. అరువు తెచ్చుకున్న బాణీ ఎన్ని మలుపులు తిరిగి ఆయన సొంతమైందో తెలిశాకే ఆ ప్రతిభ ఎంతటిదో నాకు అర్థమైంది. కొట్టివేతల్ని, అంచుల్లో గీసిన గీతల్ని ఏళ్ల తరబడి చదవాలంటే ఎంత ఓపిక, ఎంత ప్రేమ ఉండాలి! టారస్కిన్ ఆ శ్రమనంతా 1996లో రెండు బృహత్సంపుటాలుగా వెలువరించారు. స్ట్రావిన్‌స్కీ తాను దాటి వచ్చేశానని చెప్పుకున్న రష్యన్ సంప్రదాయమే ఆయన సంగీతానికి పునాది అని అందులో ఆధారాలతో చూపించారు.